చప్పుడు లేని కరెంటు

మా మామ పోయారన్న మాట నాకు మొదట చెప్పింది జట్కా సాయిబు. కంభంలో టీచర్ల సమావేశం ముగించుకుని మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. ఎప్పుడూ బేరం తేలందే కళ్ళెం పట్టుకోని మనిషి, ఆ రోజు నా చేతిలో సంచి తనే అందుకున్నాడు. ముందు ఎక్కి కూర్చోమన్నాడు. సగం దారి దాకా నోరు విప్పలేదు. నేనూ అడగలేదు. అడగకపోతే ఇంకా ఏమీ జరగనట్టే అనిపించింది. చివరికి గుర్రం వైపే చూస్తూ చెప్పాడు. "పెద్దాయన పోయినాడమ్మా. పొద్దున వాకిట్లో కూసోని గడ్డం గీసుకుంటా ఉన్నాడంట. సగం గీసుకున్నాడు."

నేను ఇల్లు చేరేసరికి మిగతా సగం ఎవరో గీసేశారు. తెల్ల చొక్కా తొడిగి, చేతులు రెండూ గుండె మీద చేర్చి పడుకోబెట్టారు. ఆ గడ్డం గీసింది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిస్తే రెండు చేతులా దండం పెడతాను. ఆయన సగం పని చేసి వదిలిపెట్టే మనిషి కాదు.

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఆయన రైల్వేలో తంతి గుమాస్తాగా పనిచేసి రిటైరైన ముసలాయనగా తెలుసు. మరికొందరికి రేడియో తాతగా తెలుసు. నాకు ఆయన నా భర్తకు తండ్రి. అత్త నేను కాపురానికి రాకముందే కాలం చేసింది. మా ఇంటాయన తండ్రి దగ్గర తంతి కొట్టడం నేర్చుకుని, ఆ విద్యతోనే మిలిటరీలో చేరి, సముద్రం దాటి పోయారు. ఇక ఇంట్లో మిగిలింది మామా కోడళ్ళం. నేను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాన్ని, ఆయన వంటకు కట్టెలు చీల్చి పెట్టేవారు. రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఆ పదిలో ఐదు నావే, అవీ సణుగుడే.

సింగపూరు శత్రువుల చేతికి పోయిన తర్వాత మాకు ఒక తంతి వచ్చింది. మా ఇంటాయన జాడ తెలియలేదని అందులో ఉంది. చచ్చిపోయారని లేదు, బతికున్నారనీ లేదు. బతుకంతా ఊళ్ళోవాళ్ళ చావులూ పెళ్ళిళ్ళూ తంతి మీద అందుకుని కాగితం మీద పెట్టిన మనిషి, ఆ పొద్దు తన కాగితాన్ని నిలబడే చదువుకున్నారు. చెప్పులేసుకుని స్టేషనుకు వెళ్ళి చీకటి పడే వేళకు తిరిగొచ్చారు. ఎక్కడైనా తప్పు పడి ఉంటుందేమోనని అడిగాను. "మళ్ళా కొట్టమని అడిగినానమ్మా. అదే వచ్చింది" అన్నారు.

తర్వాత గిద్దలూరులో ఉండే ఆయన పాత స్నేహితుడొకరు ఒక కబురు మోసుకొచ్చారు. శత్రువుల రేడియోలో సాయంత్రాలు ఖైదీల పేర్లు చదువుతున్నారట. జిల్లా, తాలూకా, పేరు చెప్పి, క్షేమంగా ఉన్నాడని ఇంటివాళ్ళకు తెలియజేయమంటారట. విన్నది నలుగురికీ చెబితే పోలీసులు ఊరుకోరని కూడా ఆయనే చెప్పి వెళ్ళారు. ఆ రోజు నుంచి మా మామకు రేడియో తప్ప వేరే ఆలోచన లేదు. నాకూ లేదు. ఏదో ఒక సాయంత్రం ‘కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా’ అని వినపడి, దాని వెనకే మా ఇంటాయన పేరు వినపడాలి. మా ఇద్దరి బతుకూ ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది.

రేడియో పెట్టె సులువుగానే దొరికింది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ, పనికిరాకుండా పడి ఉన్న తన సెట్టును ఆయనకు ఇచ్చింది. చెడిపోయింది సెట్టు కాదు, దాని బ్యాటరీ. మా ఊరికి కరెంటు లేదు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఈ సంగతి చెప్పకపోతే ఆయన్ని గురించి ఏమీ చెప్పనట్టే.

ఆ సెట్టు లోపల గాజు వాల్వులు ఉంటాయి. వాటికి రెండు రకాల కరెంటు కావాలి. ఒకటి చిన్నది, వాల్వు లోపలి తీగ ఎర్రగా కాలడానికి. బస్సు షెడ్డులో ఛార్జి చేయించి తెచ్చుకున్న బ్యాటరీ ఆ పని చేసేది. రెండోది పెద్దది, తొంబై వోల్టులది. అది లేకపోతే వాల్వులు వెలుగుతాయే గాని మాట రాదు. అలాంటి పెద్ద బ్యాటరీలు మద్రాసు నుంచి వచ్చేవి. యుద్ధం మొదలయ్యాక ఉన్నవన్నీ మిలిటరీకే పోయాయి. ఆ తొంబై వోల్టులు ఎక్కడి నుంచి తేవాలన్నదే మా మామకు వచ్చిన చిక్కు.

దొనకొండ విమానాల మైదానం దగ్గర పనిచేసే ఒక మెకానిక్కు రెండు వస్తువులు తెచ్చి చూపించాడు. ఒకటి ఇనుప పెట్టె. బస్సు బ్యాటరీకి తగిలిస్తే లోపల ఒక రేకు గబగబా కొట్టుకుని, ఆ చిన్న కరెంటునే పెద్దది చేసి ఇస్తుంది. మామ తన పాత మీటరు తీసి వోల్టులు చూశారు. నూటికి పైనే చూపించింది. నాకు సంబరమైంది. ఆయన మాత్రం సెట్టు తగిలించి, మద్రాసు పాట పెట్టి, మళ్ళీ చూశారు. ముల్లు దిగిపోయింది. "ఊరక ఉన్నప్పుడు చూపించే వోల్టులు నమ్మబాకమ్మా. పని చెప్పినాక చూడాల" అన్నారు. ఈ మాట ఆయన మనుషుల గురించి కూడా అన్నారేమోనని తర్వాత ఒకసారి అడిగాను. వోల్టుల గురించే అన్నానన్నారు.

ముల్లు దిగినా సెట్టుకు సరిపడా కరెంటు ఉంది. మద్రాసు పాట వీధి వీధంతా వినపడింది. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. కానీ మాకు కావలసిన స్టేషను చాలా దూరంలో ఉంది, దాని గొంతు చాలా సన్నం. సెట్టు ముల్లు అటు తిప్పితే ఆ ఇనుప పెట్టె రొద తప్ప మరేమీ లేదు. కందిరీగల తుట్టె పక్కన కూర్చున్నట్టుంది. ఆ రొద వెనుక ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడని మాత్రం తెలుస్తోంది. మామ పెట్టెను విప్పి మెకానిక్కుకు తిరిగి ఇచ్చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదైతే ఈ పూటే మొదలుపెట్టొచ్చు. సగమో పావో వినపడుతుంది. ఒక్కొక్క సాయంత్రం పోతుంటే మా పేరున్న సాయంత్రం పోతోందేమోనని నా భయం. ఆ మాటే ఆయన మొహం మీద అన్నాను. ఆయన కోప్పడలేదు. "చప్పుట్లో పేరు పోతే ఇన్నట్టూ కాదు, ఇననట్టూ కాదు. అట్లాంటి బతుకు మనకు ఇప్పటికే ఉంది గదమ్మా" అన్నారు.

మెకానిక్కు తెచ్చిన రెండో వస్తువు చేత్తో తిప్పే మిషను. తిప్పుతున్నంతసేపూ కరెంటు ఇస్తుంది. రొద కొంచెం తక్కువే. నేను తిప్పుతాను, మీరు వినండి అన్నాను. ఆయన దాన్ని కాసేపు చూసి, అదీ వద్దన్నారు. తిప్పేవాళ్ళకు ఆ చక్రం చప్పుడే వినపడుతుందట. "ఇద్దరం ఇనాల" అన్నారు.

చివరికి ఆయన ఎంచుకున్నది అందరికంటే నిదానంగా వచ్చేది. తంతి ఆఫీసుల్లో గాజు జాడీల్లో ఉప్పునీళ్ళు పోసి కరెంటు తీసేవారు. ఆ జాడీకి చప్పుడు ఉండదు, కదలిక ఉండదు. ఒక్కొక్కటి ఇచ్చేది ఒకటిన్నర వోల్టే. అరవై పైచిలుకు కలిపితే మనకు కావలసింది వస్తుంది. జాడీలకు బదులు ఆసుపత్రి నుంచి ఖాళీ మందు సీసాలు తెచ్చుకున్నాం. చచ్చిపోయిన టార్చిలైటు బ్యాటరీలు ఊరంతా అడిగి తెచ్చి, వాటి లోపలి బొగ్గు కడ్డీలూ నల్ల పొడీ తీశాం. జింకు రేకు నేను కత్తిరించాను. ఉప్పు అంటే వంట ఉప్పు కాదు, గిన్నెల కళాయికి వాడే నవాసాగరం. కళాయి పోసేవాడు తన సంచిలో నుంచి గుప్పెళ్ళ కొద్దీ ఇచ్చాడు. బడిలో పిల్లలు నా గోళ్ళు చూసి, టీచరమ్మ బొగ్గులమ్ముతోందని చెప్పుకున్నారు.

అన్నీ కలిపాక అది కొట్టే దెబ్బ తక్కువేమీ కాదు. అందుకే సెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మామ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి నడుం దగ్గర పంచెలో దోపుకునేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలో నుంచి పోతుందట, ఒక్క చెయ్యైతే బతికిపోతామట. పోనుపోను ఆ అలవాటు ఎంత ముదిరిందంటే అన్నం తింటున్నా, మిషన్ గుడిలో ప్రార్థనకు నిలబడినా ఆ చెయ్యి వెనకే ఉండేది. దేవుడికి కూడా తొంబై వోల్టులున్నాయా మామా అని అడిగితే నవ్వేవారు. ఆయన్ని నవ్వించడానికి నా దగ్గర ఉన్న పరాచికం అదొక్కటే.

సీసాలు పెట్టడానికి పలక రాయి ఎంచుకున్నాం. మార్కాపురం వాళ్ళం మరి ఇంకేం ఎంచుకుంటాం? ఇంటికప్పు పలక, గచ్చు పలక, పిల్లాడు అక్షరాలు దిద్దేది పలక. పెద్ద పెద్ద పట్నాల్లో కరెంటు బోర్డులు మన పలక రాయి మీదే బిగిస్తారని, అది కరెంటును తనలోకి రానివ్వదని ఆయన గర్వంగా చెప్పేవారు. పలకల దుకాణం వాళ్ళు అంచు విరిగిన పెద్ద బిళ్ళలు ఇచ్చారు. వాటిని మెట్లు మెట్లుగా పేర్చి, వరసగా సీసాలు పెట్టి, తీగలు కలిపి, వానలు మొదలయ్యే రోజుల్లో సెట్టు పెట్టాం.

మాట వినపడింది. కానీ దాంతోపాటే వేరుశనగ కాయలు వేయిస్తున్నట్టు చిటపటలు. ఆగితే ఆగుతాయి, మళ్ళీ మొదలైతే ఆ మాట మొత్తం మింగేస్తాయి. మబ్బుల్లో మెరుపుల వల్ల అనుకున్నాం. సముద్రం మీద నుంచి రావాలి కదా అనుకున్నాం. యుద్ధంలో పేలే ఫిరంగులేమోనని కూడా నేను అనుకున్నాను. ఆ వానాకాలమంతా రోజూ పొద్దుగూకే వేళ ఇద్దరం సెట్టుకు చెరోవైపు చెవి పెట్టి కూర్చున్నాం. ఎవరెవరి పేర్లో సగం సగం వచ్చేవి. జిల్లా వినపడితే పేరు వినపడేది కాదు. పలక రాయిని అనుమానించాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఒక సాయంత్రం లాంతరు గాజు కడిగి వచ్చి, తడిచేత్తో ఆ బిళ్ళ అంచు పట్టుకున్నాను. చీమలు పాకినట్టు వేళ్ళు జిల్లుమన్నాయి. మామను పిలిచాను. ఆయన చెయ్యి వెనక దోపుకుని వచ్చి, తీగలు విప్పి, ఒక వేలు రాతి మీద రాసి నాలుకకు అద్దుకున్నారు. "ఉప్పగుందమ్మా" అన్నారు. సీసాల మూతుల నుంచి ఉప్పునీరు మెల్లమెల్లగా పాకి, కిందికి జారి, పొరల రాయి కదా, పొరల మధ్యకు ఇంకిపోయింది. ఎండినప్పుడు నిప్పు లాంటి నిజాయితీ గల రాయి, తడిసి ఉప్పెక్కి ఒక సీసా కరెంటును పక్క సీసాకు దొంగచాటుగా అందిస్తోంది. మేము ఇన్నాళ్ళూ మెరుపులనుకున్న చిటపటలు అవే. ఆయన ఆ బిళ్ళ వైపు చాలాసేపు చూసి "మన రాయే" అన్నారు.

నల్లమలలో తేనె తీసే చెంచువాళ్ళ దగ్గర మైనం కొన్నాం. చెక్క పలకలు చేయించి ఆ మైనంలో ఉడకబెట్టి, సీసాల మూతులకు కూడా అదే పూసి, అంతా మళ్ళీ పేర్చాం. ఆ సాయంత్రం సెట్టు పెట్టినప్పుడు నాకు చెడిపోయిందేమో అనిపించింది. అంత నిశ్శబ్దం. మామ ముల్లు తిప్పారు. ఆ నిశ్శబ్దంలో నుంచి ఒక మనిషి మా గదిలోనే కూర్చుని చదువుతున్నట్టు పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

స్పష్టంగా విన్న మొదటి పేరు వెలిగండ్ల దగ్గరి ఒక రైతుబిడ్డది. నెల్లూరు జిల్లా, కనిగిరి తాలూకా అన్నారు. మర్నాడే మామ ప్రయాణం కట్టారు. పోలీసుల మాట గుర్తుచేశాను. ఎద్దుల బేరానికి వచ్చినానని చెప్తాలే అన్నారు. బడికి సెలవు కావడంతో నేనూ వెంట వెళ్ళాను. కనిగిరి దాకా బస్సు, అక్కడి నుంచి ఎర్రమట్టి బాటలో నడక. ఆ ఇంటి వాకిట్లో తల్లి చేటతో సజ్జలు చెరుగుతోంది. మామ వాకిట్లోనే నిలబడి, కొడుకు పేరు చెప్పి, క్షేమంగా ఉన్నాడని రేడియోలో చెప్పారని మెల్లగా చెప్పారు. ఆమె చేట కింద పెట్టింది.

"మావాడి గొంతేనా అయ్యా?"

"గొంతు వాడిది కాదమ్మా. పేరు వాడిదే. ఊరు మీదే."

ఇంకొకసారి చెప్పమంది. ఆయన ఒక్క మాట అటూ ఇటూ కాకుండా మళ్ళీ చెప్పారు. ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ అలాగే చెప్పారు. ఆమె భర్త గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మేము ప్రార్థన గుడికి వెళ్ళేవాళ్ళమని, చాలా ఇళ్ళవాళ్ళు మమ్మల్ని వాకిట్లోనే నిలబెడతారని తెలిసి కూడా ఆమె మంచం తెచ్చి నీడన వేసి, మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వచ్చేటప్పుడు వేరుశనగ కాయలు మూట కట్టి ఇచ్చింది.

తిరుగు దారిలో నాకు ఏడుపొచ్చింది. సంతోషం కాదు, అసూయ. ఆ తల్లి మంచిది, కూడు పెట్టింది, అయినా ఆమె మీద నాకు అసూయ కలిగింది. మామ కాయలు వొలిచి గింజలు నా చేతిలో పెడుతూ నడిచారు. ఊరు చేరేదాకా వొలుస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత ఎంతోమంది పేర్లు విన్నాం. ముండ్లమూరు వైపు ఒకరు, కంభంలో ఒకరు, గిద్దలూరు తాలూకాలో ఇంకొకరు. ఎక్కడికైనా ఆయన వెళ్ళి చెప్పి వచ్చేవారు. అలా రేడియో తాత అయ్యారు. ‘కర్నూలు జిల్లా’ అన్న మాట వినపడినప్పుడల్లా ఇద్దరం సెట్టు మీదికి వంగేవాళ్ళం. మా పేరు రాలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఆ వానాకాలం పట్టుకుంది. చిటపటల్లో పోయిన ఆ నెలల్లోనే మా పేరు చదివి ఉంటారని, ఒకసారి చదివిన పేరు మళ్ళీ చదవరని ఆయన నమ్మకం. రాయి పెట్టింది తానే కదా అని. కట్టెలు చీలుస్తూ ఆగిపోయి "ఆ వానల్లో చెప్పినారేమోనమ్మా" అనేవారు. రాలేదు మామా, వచ్చుంటే నాకు వినపడేది అని ప్రతిసారీ చెప్పేదాన్ని. నమ్మినట్టు తలూపేవారు. మళ్ళీ కొన్నాళ్ళకు అదే మాట.

యుద్ధం అయిపోయింది. కొందరు తిరిగొచ్చారు. మాకు ఏ కబురూ రాలేదు. అడిగితే పైవాళ్ళు కూడా జాడ తెలియలేదన్న పాత మాటే చెప్పారు. పేర్లు చదివే ఆ స్టేషను కూడా ఆగిపోయింది. అయినా ఆయన సీసాల్లో నీళ్ళు మారుస్తూ, జింకు రేకులు గీకుతూ, పొద్దుగూకే వేళకు ముల్లు ఆ చోటికే తెచ్చి పెట్టేవారు. అక్కడ ఏమీ ఉండేది కాదు, సన్నని గాలి చప్పుడు తప్ప. నేను పక్కన కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకునేదాన్ని. ఒకసారి నా వైపు తిరిగి "ఎంత శుభ్రంగా ఉందో ఇను" అన్నారు. విన్నాను. నా బతుకులో అంత ఒంటరిగా నాకెప్పుడూ అనిపించలేదు. ఆయనకూ అలాగే ఉండి ఉంటుంది.

ఆయన్ని సమాధి చేసిన కొన్ని వారాలకు మిలిటరీ చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి వచ్చి, తంతి పెద్దాయన ఇల్లు ఇదేనా అని అడిగాడు. గిద్దలూరు పక్క పల్లెవాడు. మా ఇంటాయనతో కలిసి ఖైదులో ఉన్నాడట. విడుదలయ్యాక చాలాకాలం ఆసుపత్రుల్లోనే ఉండి, ఈమధ్యే ఓపిక కూడదీసుకుని ఇల్లు చేరాడు. నన్ను వదినా అని పిలిచాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ చెప్పాడు. జ్వరం వచ్చిందట, మందు లేదట. తామే గొయ్యి తవ్వి, ప్రార్థన చదివి, రబ్బరు తోటలో పెట్టారట.

"ఎప్పుడు?" అన్నాను.

"పట్టుబడిన కొన్ని వారాలకే వదినా. గుడ్ ఫ్రైడే ఇంకా రాలేదు. రేడియోలో చదివేదానికి వాళ్ళు మా పేర్లు రాసుకునింది తర్వాత. అప్పటికే అన్న లేడు."

ఎండలు ముదరకముందే. మేము సెట్టు పెట్టకముందే. ఆ వానాకాలంలో పోయిన పేర్లలో మా పేరు లేనే లేదు. ఇన్నేళ్ళ తర్వాత నాకు మొగుడు లేడని తెలిసిన క్షణంలో నా నోట మొదట వచ్చిన మాట "మామా" అన్నది. లోపలికి తిరిగి పిలిచాను కూడా. పిలిచాక గాని గుర్తురాలేదు. అప్పుడు ఏడ్చాను, ఇద్దరి కోసమూ. ఈ కబురు ఎవరికి కావాలో ఆ మనిషి దీనికోసం అన్నేళ్ళు చెవి ఒగ్గి కూర్చుని, ఇది చేరేసరికి లేచి వెళ్ళిపోయాడు.

కళ్ళు తుడుచుకుని ఆ అబ్బాయిని సమాధుల తోటకు తీసుకెళ్ళాను. మట్టి ఇంకా కుంగలేదు. నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పమన్నాను. నేను చెబితే ఎప్పటిలా ఓదార్పనుకుంటారు, నువ్వు కళ్ళతో చూసినవాడివి అన్నాను. ఆ అబ్బాయి కాసేపు నా మొహంలోకి చూసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు అందరూ చేసినట్టే గొంతు పెంచి "పెద్దాయనా" అని మొదలుపెట్టాడు.

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. "అరవబాక నాయనా. మెల్లగా చెప్పు. ఆయనకు ఇనపడతాది."

అతను గొంతు తగ్గించాడు. అరచెయ్యి మట్టి మీద ఆనించి, ఇంకా కొంచెం ముందుకు వంగి, మొదటి నుంచి చెప్పసాగాడు.